మొరాయించిన హార్డ్ డిస్క్‌లో ఏం మిగిలి ఉంటుంది?

లాప్‌టాప్‌ను బాగుచేయడం ఒక పని, అందులోని ఫైళ్లను దక్కించుకోవడం మరో పని. రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల, దక్కవలసిన ఫైళ్లు కూడా దక్కకుండా పోతున్నాయి.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివస్తూ అమెరికాలోని టెక్సాస్ మీదుగా సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. నేలరాలిన శిథిలాల్లో ఒక హార్డ్ డిస్క్ దొరికింది. అది అప్పటి లాప్‌టాప్‌లలో వాడే చిన్న రకం డిస్క్, సామర్థ్యం 340 మెగాబైట్లు. జినాన్ వాయువు మీద అంతరిక్షంలో జరిపిన ప్రయోగం తాలూకు కొలతలు అందులో ఉన్నాయి. ప్లాస్టిక్ అన్నది మిగలకుండా కరిగిపోయింది, సర్క్యూట్ బోర్డు కాలిపోయింది, సీలు పోయి లోపలికి మట్టి చేరింది. అయినా అమెరికాలోని ఒక డేటా రికవరీ సంస్థ నిపుణులు లోపలి పళ్లేలను తీసి, రసాయన ద్రావణంతో శుభ్రం చేసి, కొత్త డిస్క్‌లో బిగించి, సుమారు 99 శాతం సమాచారాన్ని బయటికి తీశారు. ఆ కొలతల ఆధారంగా రాసిన పరిశోధన పత్రం 2008లో ‘ఫిజికల్ రివ్యూ ఈ’ పత్రికలో వచ్చింది.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూద్దాం. బల్ల మీద కదలకుండా ఉన్న లాప్‌టాప్ ఒక ఉదయం తెరుచుకోదు. పదిసార్లు ఆన్ చేసి చూస్తారు. తెలిసినవాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్ నడిపిస్తారు. తర్వాత షాపుకు తీసుకెళితే విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. చివరికి “డిస్క్ పోయిందండీ, డేటా రాదు” అన్న మాట వినిపిస్తుంది. ఆకాశం నుంచి కాలుతూ పడిన డిస్క్ ఇచ్చినదాన్ని, బల్ల మీద ఉన్న డిస్క్ ఎందుకు ఇవ్వలేకపోయింది? కొలంబియా డిస్క్ విషయంలో అదృష్టం పాలు ఉంది, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. కానీ ఒక తేడా మాత్రం అదృష్టానికి సంబంధించినది కాదు. ఆ డిస్క్‌ను “ఒకసారి ఆన్ చేసి చూద్దాం” అని ఎవరూ అనలేకపోయారు. చెడిపోయిన క్షణానికీ నిపుణుల చేతికి అందిన క్షణానికీ మధ్య దాని మీద ఎలాంటి ప్రయత్నమూ జరగలేదు. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే: ఫైళ్ల భవితవ్యం డిస్క్ చెడిపోవడంతోనే తేలిపోదు, ఆ తర్వాత మనం చేసే పనుల మీద చాలావరకు ఆధారపడుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు డిస్క్ లోపలికి వెళ్లాలి.

పళ్లెం మీద రాత

హార్డ్ డిస్క్‌లో ఒకటో రెండో గుండ్రని పళ్లేలు ఉంటాయి. వీటిని ప్లాటర్లు అంటారు. లాప్‌టాప్ డిస్కుల్లో ఇవి ఎక్కువగా గాజుతో చేసినవి. వాటిపై అతి పలుచని అయస్కాంత లోహపు పూత ఉంటుంది. ఆ పూతలోని సూక్ష్మమైన రేణువుల సమూహాలు ఒక దిశలో అయస్కాంతీకరణ చెందితే ఒక అర్థం, వ్యతిరేక దిశలో చెందితే మరో అర్థం. ఫొటో అయినా, పెళ్లి వీడియో అయినా, కథ రాతప్రతి అయినా చివరికి ఈ దిశల వరుసే. ఈ రాత నిలవడానికి కరెంటు అక్కర్లేదు. మోటారు ఆగినా, బోర్డు కాలినా అయస్కాంత దిశలు అలాగే ఉంటాయి. వాటిని చెదరగొట్టాలంటే బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి, లేదా కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి, లేదా పూతనే గీకేయాలి. కొలంబియా డిస్క్ బోర్డు కాలినా రాత నిలవడానికి కారణం ఇదే.

రాత ఇంత గట్టిదైనా, దాన్ని చదివే ఏర్పాటు చాలా నాజూకైనది. సాధారణ లాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. ప్లాటర్ అంచు గంటకు 65 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. దానిపైన గాలి పొర మీద తేలుతూ హెడ్ అనే చిన్న భాగం చదువుతుంది, రాస్తుంది. హెడ్‌కూ ప్లాటర్‌కూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. అంత దగ్గరగా వెళ్లి, అంత బలహీనమైన అయస్కాంత సంకేతాన్ని పసిగట్టడం 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రున్‌బర్గ్ వేర్వేరుగా కనుగొన్న ఒక భౌతిక ధర్మం వల్ల సాధ్యమైంది. కొన్ని పలుచని లోహపు పొరలను పేర్చితే, స్వల్పమైన అయస్కాంత మార్పుకే వాటి విద్యుత్ నిరోధం పెద్దగా మారుతుందని వారు చూపారు. ఆ ధర్మాన్ని వాడే హెడ్లతో డిస్కులు 1997లో మార్కెట్లోకి వచ్చాయి. 2007లో వారిద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఈ ప్రగతికి ఒక మూల్యం ఉంది. 1956లో ఐబీఎం తయారుచేసిన తొలి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. కొలంబియా డిస్క్ అరచేతిలో ఇమిడి 340 మెగాబైట్లు దాచింది. నేడు అంతే సైజులో ఒక టెరాబైట్ డిస్క్ దానికి దాదాపు మూడు వేల రెట్లు దాస్తోంది. అంటే అప్పుడు ఒక గీత కొద్దిపాటి సమాచారాన్ని మింగితే, ఇప్పుడు అదే గీత ఎన్నో రెట్లు ఎక్కువ మింగుతుంది. కొలంబియా కథ విని “మన డిస్క్‌కు ఏమీ కాదులే” అనుకోవడం పొరపాటు. నేటి డిస్క్ దగ్గర మరింత జాగ్రత్త కావాలి.

తెగింది ఏ దారి?

రాత నుంచి మన కళ్ల దాకా ఫైలు చేరాలంటే ఐదు అంచెలు సరిగా పనిచేయాలి: సర్క్యూట్ బోర్డు, డిస్క్ తనలో తాను నడుపుకునే ఫర్మ్‌వేర్, మోటారు-హెడ్ల యంత్రాంగం, ప్లాటర్ ఉపరితలం, ఆపైన ఫైళ్ల చిట్టా. “హార్డ్ డిస్క్ పోయింది” అన్న ఒకే మాటను ఈ ఐదింటిలో ఏది తెగినా వాడతాం. ఒక్కో దానికి చికిత్స వేరు, పైగా ఒకదానికి మందు మరొకదానికి విషం కాగలదు.

బోర్డు దెబ్బతినడం సాధారణంగా తేలికపాటి కేసు. కరెంటు ఒక్కసారిగా పెరిగినప్పుడో, పొరపాటున వేరే అడాప్టర్ తగిలించినప్పుడో రక్షణ కోసం పెట్టిన చిన్న డయోడ్ తాను కాలిపోయి మిగతా భాగాలను కాపాడుతుంది. అప్పుడు డిస్క్ నిశ్శబ్దంగా ఉంటుంది, లోపలి రాతకు ఏమీ కాదు. అలాంటప్పుడు అదే మోడల్ డిస్క్ మరొకటి కొని దాని బోర్డు బిగిస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. పాత డిస్కుల విషయంలో అది నిజమే. ఇప్పటివాటిలో మాత్రం ప్రతి డిస్క్‌కూ తనవైన సర్దుబాటు విలువలు ఉంటాయి. ఏ హెడ్ ఎంత ఎడంగా తేలాలి, దాని సంకేతాన్ని ఎంత పెంచి చదవాలి వంటి వివరాలను ఫ్యాక్టరీలో ఆ ఒక్క డిస్క్‌ను పరీక్షించి బోర్డు మీది చిన్న చిప్‌లో రాస్తారు. బోర్డు మార్చేటప్పుడు ఆ చిప్‌లోని సమాచారాన్ని కూడా కొత్త బోర్డుకు చేర్చకపోతే, డిస్క్ వేరే డిస్క్ కొలతలతో చదవబోయి విఫలమవుతుంది.

ఫర్మ్‌వేర్ సంగతి మరింత చిత్రమైనది. డిస్క్ తనను తాను నడుపుకునే ప్రోగ్రామ్‌లో పెద్ద భాగం, చెడ్డ సెక్టర్ల (చదవడానికి పనికిరాని చోట్ల) జాబితాతో సహా, ప్లాటర్ మీదే మనకు కనబడని ప్రాంతంలో ఉంటుంది. ఆ ప్రాంతం చదవడానికి వీలుకాకపోతే, మిగతా ప్లాటరంతా బాగున్నా డిస్క్ తన సైజెంతో కూడా చెప్పలేదు. దీన్ని సరిచేసే ప్రత్యేక పరికరాలు నిపుణుల దగ్గర ఉంటాయి. మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్‌కు ఆ అంచె కనబడనే కనబడదు.

హెడ్ చెడితే దాన్ని మార్చడం తప్ప గత్యంతరం లేదు. అందుకు డిస్క్ మూత తెరవాలి, అది క్లీన్ రూమ్‌లోనే చేయాలి. అక్కడ ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్, ఆపై సైజు రేణువులు వందకు మించకుండా వడపోస్తారు. అర మైక్రాన్ అంటే 500 నానోమీటర్లు, హెడ్ తేలే ఎడానికి ఎన్నో రెట్లు. మామూలు గదిలో మూత తీస్తే అంతకంటే పెద్ద ధూళి కణాలు లెక్కకు మిక్కిలిగా వచ్చి పళ్లెం మీద వాలుతాయి. క్లీన్ రూమ్‌లో అదే మోడల్ మరో డిస్క్ నుంచి హెడ్లను తీసి బిగిస్తారు. అవి ఎంతసేపు నిలుస్తాయో తెలియదు కాబట్టి వెంటనే పళ్లెం మీది సమాచారాన్నంతా మరో డిస్క్‌లోకి తీస్తారు. డిస్క్‌కు మళ్లీ ప్రాణం పోసి వాడుకునే ఉద్దేశం అక్కడ ఎవరికీ ఉండదు, ఒక్కసారి నిండుగా చదివితే చాలు.

> చెవితో తొలి పరీక్ష
>
> ఏ శబ్దమూ లేదు, వణుకూ లేదు: బోర్డు లేదా కరెంటు సమస్య కావచ్చు. రాత క్షేమంగా ఉండే అవకాశం ఎక్కువ.
>
> సన్నగా కుయ్‌మన్న మోత: మోటారు తిరగలేకపోతోంది. కింద పడినప్పుడు హెడ్లు ప్లాటర్‌కు అతుక్కుని ఉండొచ్చు.
>
> లయగా టిక్ టిక్: హెడ్ తన స్థానాన్ని తెలిపే గుర్తులను చదవలేక మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి మొదలుపెడుతోంది. ఆపేయాలి.
>
> గీరుతున్న శబ్దం: హెడ్ పూతను తాకుతోంది. ప్రతి సెకనూ నష్టమే. వెంటనే కరెంటు తీసేయాలి.
>
> శబ్దం మామూలే, కానీ ఎంతకీ తెరుచుకోదు: చెడ్డ సెక్టర్లు, ఫర్మ్‌వేర్ లేదా ఫైళ్ల చిట్టా సమస్య.

పది సెకన్ల లెక్క

ఇళ్లలో తరచుగా ఎదురయ్యే సమస్య చెడ్డ సెక్టర్లది. డిస్క్ సమాచారాన్ని సెక్టర్లనే చిన్న ముక్కలుగా రాస్తుంది. ఇటీవలి డిస్కుల్లో ఒక్కో ముక్క 4,096 బైట్లు. ప్రతి ముక్కతో పాటు కొంత అదనపు సమాచారం కూడా రాస్తుంది, కొన్ని బిట్లు తప్పుగా వచ్చినా దాని సాయంతో అసలు విలువను లెక్కగట్టగలుగుతుంది. తప్పులు ఆ హద్దు దాటితే డిస్క్ అదే చోటును మళ్లీ మళ్లీ చదవబోతుంది. అది ఊరుకున్నా విండోస్ ఊరుకోదు, మళ్లీ అడుగుతుంది. మనమూ ఊరుకోం, ఫోల్డరు మూసి మళ్లీ తెరుస్తాం.

దీని ఖరీదెంతో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. ఒక టెరాబైట్ డిస్క్‌లో 10,000 చెడ్డ సెక్టర్లు ఉన్నాయనుకుందాం. వాటిలో ఉన్న మొత్తం సమాచారం 40 మెగాబైట్లే, అంటే డిస్క్‌లో లక్షకు నాలుగు వంతులు. ఒక్కో చెడ్డ సెక్టర్ దగ్గర డిస్క్ పది సెకన్లు తంటాలు పడితే మొత్తం లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో చదివితే మిగతా డిస్కంతా మూడు గంటల్లోపే పూర్తవుతుంది. బలహీనమైన హెడ్ కొన్ని గంటలే నిలిచేలా ఉంటే ఆ గంటలను లక్షకు నాలుగు వంతుల కోసం ఖర్చు చేయాలా, మిగతా అంతటి కోసమా? మామూలుగా ఫైళ్లను కాపీ చేసినప్పుడు జరిగేది మొదటిదే. మధ్యలో ఎదురైన ఒక చెడ్డ చోట కాపీ ఆగిపోతుంది, డిస్క్ అక్కడే అరిగిపోతుంది.

దీనికి విరుగుడుగా పుట్టిన పద్ధతినే ఇమేజ్ తీయడం అంటారు. ఫైళ్ల జోలికి పోకుండా, మొదటి సెక్టర్ నుంచి చివరి సెక్టర్ దాకా ఉన్నదున్నట్టు మరో డిస్క్‌లోకి దించుతారు. ‘జీఎన్‌యూ డీడీరెస్క్యూ’ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పనిని తెలివిగా చేస్తుంది. చదవడానికి కష్టమైన చోటు తగలగానే దాన్ని వదిలి ముందుకు దూకుతుంది. మొదటి విడతలో సులువుగా వచ్చేదంతా తెచ్చుకుంటుంది. వదిలేసిన చోట్ల పట్టికను ఒక ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదటికి రాదు. మంచి భాగం భద్రమయ్యాక తర్వాతి విడతల్లో కష్టమైన చోట్లను కొద్దికొద్దిగా ప్రయత్నిస్తుంది. నిపుణులు వాడే ఖరీదైన పరికరాలు మరెన్నో పనులు చేస్తాయి, ఏ హెడ్ బాగుందో చూసి ముందు దానితో చదివించగలవు కూడా. వాటి వెనక ఉన్న సూత్రం మాత్రం ఇదే: తేలికైనది ముందు, కష్టమైనది చివర.

ఇండెక్స్ పోయిన దస్తావేజులు

అన్ని భాగాలూ బాగుండి, ఫైళ్లు మాత్రమే కనిపించని కేసులు వేరు. పొరపాటున డిలీట్ చేయడం, ఫార్మాట్ చేయడం, రాస్తుండగా కరెంటు పోవడం ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ జరిగేది తెలుసుకోవడానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసును తలచుకుంటే చాలు. దస్తావేజుల నకళ్లు సంపుటాల్లో ఉంటాయి, ఏ పేరు దస్తావేజు ఏ సంపుటంలో ఏ పుటలో ఉందో ఇండెక్స్ చెబుతుంది. ఇండెక్స్ చిరిగిపోతే దస్తావేజులు పోయినట్టు కాదు, వెతికే దారి పోయినట్టు. విండోస్ డిస్కుల్లో ఈ ఇండెక్స్ పని చేసేది మాస్టర్ ఫైల్ టేబుల్. ఫైలును డిలీట్ చేస్తే ఆ టేబుల్‌లో “ఈ చోటు ఖాళీ” అని గుర్తు పడుతుంది, సంపుటంలోని పుటలు అలాగే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ చేస్తే పాత ఇండెక్స్ స్థానంలో కొత్త ఖాళీ ఇండెక్స్ వస్తుంది. ప్రమాదమల్లా ఆ తర్వాతే. ఖాళీ అని గుర్తు పడిన పుటల మీద సిస్టమ్ ఎప్పుడైనా కొత్త రాత రాయొచ్చు. విండోస్ మళ్లీ ఎక్కించడమంటే పాత పుటల మీద గిగాబైట్ల కొద్దీ కొత్త రాత రాయడమే. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లోకి డౌన్‌లోడ్ చేయడం కూడా చిన్న ఎత్తున అదే పని.

ఇండెక్స్ పూర్తిగా పోయినా ఒక మార్గం మిగులుతుంది. చాలా రకాల ఫైళ్లు తమ రకాన్ని మొదటి బైట్లలోనే చెప్పుకుంటాయి. ప్రతి జేపెగ్ ఫొటో ఒకే రెండు బైట్లతో మొదలై మరో నిర్దిష్టమైన రెండు బైట్లతో ముగుస్తుంది. పీడీఎఫ్ ఫైలు తొలి అక్షరాల్లోనే పీడీఎఫ్ అన్న మాట ఉంటుంది. ‘ఫొటోరెక్’ వంటి ఉచిత ప్రోగ్రాములు డిస్క్ ఇమేజ్‌ను మొదటి నుంచి చివరి దాకా చదువుతూ ఈ గుర్తులను బట్టి ఫైళ్లను ఏరుకొస్తాయి. వాటికి పేర్లుండవు, ఫోల్డర్లుండవు. పైగా ఒక ఫైలు ముక్కలై డిస్క్‌లో అక్కడక్కడా పడి ఉంటే ఈ పద్ధతి తడబడుతుంది, పెద్ద వీడియోలకు ఈ ఇబ్బంది ఎక్కువ. కొలంబియా డిస్క్‌కు దక్కిన అదృష్టం ఇక్కడే ఉంది. ప్రయోగపు కంప్యూటర్ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచింది, డాస్ సమాచారాన్ని డిస్కంతా చెల్లాచెదురు చేయకుండా ఒక పక్క నుంచి రాసుకుంటూ పోయింది. డిస్క్ సగమే నిండింది. ప్లాటర్ల మీద పడ్డ గాట్లు ఇంకా ఏమీ రాయని సగంలో పడ్డాయి. అదే నౌకలోని మరో రెండు డిస్కుల నుంచి పనికొచ్చేదేదీ రాలేదు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎన్నో ఏళ్లుగా మన పుస్తకాలూ పత్రికలూ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి. డీటీపీ ఆపరేటర్ల పాత కంప్యూటర్లలో అచ్చయిన పుస్తకాలతో పాటు అచ్చు కాని రాతప్రతులు కూడా ఉండిపోయాయి. ఆ ఫాంట్లు, అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రామాణిక సంకేతాలు ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందటివి. ఫైల్లో తెలుగు అక్షరం ఉన్నచోట కంప్యూటర్‌కు కనిపించేది రోమన్ అక్షరాల, గుర్తుల కలగాపులగం, ఫాంటే దాన్ని తెలుగుగా చూపిస్తుంది. అందువల్ల బయటికి తీసిన వేల పేరులేని ఫైళ్లలో ఒక తెలుగు మాటను టైప్ చేసి వెతికితే ఫలితం రాదు. రచయిత పేరు యూనికోడ్‌లో కొట్టి, దొరకలేదు కాబట్టి ఫైలు లేదని తేల్చేయడం తప్పు. ఆ మాట అను ఫాంట్‌లో ఏ గుర్తులుగా మారుతుందో చూసి వాటితో వెతకాలి. పాత తెలుగు రాతప్రతుల కోసం వెతికేవాళ్లు ఈ సంగతి రికవరీ చేసేవారికి ముందే చెప్పాలి.

“సాఫ్ట్‌వేర్‌తో చాలామందికి వచ్చాయి కదా?”

ఈ మాట నిజమే, దాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. డిస్క్ ఆరోగ్యంగా ఉండి ఇండెక్స్ మాత్రమే చెడిన కేసుల్లో రికవరీ సాఫ్ట్‌వేర్ బాగా పనిచేస్తుంది, అలాంటి కేసులు చాలానే ఉంటాయి. చిక్కేమిటంటే, సాఫ్ట్‌వేర్ నడిపేవారికి తమ కేసు ఏ రకందో ముందుగా తెలియదు. హెడ్ బలహీనమైన డిస్క్ మీద అదే సాఫ్ట్‌వేర్ గంటల తరబడి నడిస్తే డిస్క్‌ను మరణం దాకా తీసుకుపోతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ వద్దనడం లేదు, దాన్ని ఇమేజ్ మీద నడపమంటున్నాం. ఇమేజ్ మీద పది రకాల సాఫ్ట్‌వేర్లు పదిసార్లు నడిపినా అసలు డిస్క్‌కు పోయేదేమీ లేదు. ఇమేజ్ తీసేటప్పుడే డిస్క్ మరీ నెమ్మదించినా, వింత శబ్దాలు చేసినా అక్కడితో ఆపి నిపుణుల దగ్గరికి వెళ్లొచ్చు.

విండోస్ తానే చూపించే ‘చెక్ డిస్క్’ మాటేమిటి? అది నమ్మదగిన సాధనమే, కానీ దాని లక్ష్యం వేరు. ఇండెక్స్‌లోని వైరుధ్యాలను తొలగించి, డిస్క్‌ను మళ్లీ వాడుకోదగిన స్థితికి తేవడం దాని పని. పొంతన కుదరని నమోదు కనబడితే అది దాన్ని కొట్టివేయొచ్చు, ఆ నమోదు మీ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానిదే కావొచ్చు. పైగా అది అదే డిస్క్ మీద రాస్తుంది. బాగుచేయడానికీ కాపాడటానికీ మధ్య ఉన్న వైరుధ్యం ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

ఫ్రీజర్లో పెట్టి తీస్తే డిస్క్ పనిచేస్తుందన్న చిట్కా ఏళ్లుగా చేతులు మారుతోంది. చల్లబడిన లోహం కుంచించుకుపోయి ఇరుక్కున్న భాగం వదులవుతుందన్నది దాని వాదన. ఎప్పుడో ఏ పాత డిస్కో అలా పలికి ఉండొచ్చు. కానీ చల్లని వస్తువును మన తేమగాలిలోకి తీస్తే దాని మీద నీరు పడుతుంది. కొన్ని నానోమీటర్ల ఎడంతో హెడ్ తేలే చోట నీటి పొర చేరితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వరదలో మునిగిన డిస్క్‌ది దీనికి భిన్నమైన కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినట్టు ఎక్కడ జరిగినా, ఇంట్లోని లాప్‌టాప్‌ను ఎండబెట్టి ఆన్ చేయాలనిపించడం సహజం. నీరు ఆరిపోతే అందులోని బురద, లవణాలు ప్లాటర్‌కు గట్టిగా అంటుకుంటాయి. ఎండబెట్టకుండా, ఆన్ చేయకుండా, గాలి చొరని సంచిలో పెట్టి నిపుణులకు ఇవ్వడమే మేలు.

ఖర్చు మాటేమిటన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. క్లీన్ రూమ్ పనికి అయ్యే ఖర్చు కొత్త డిస్క్ ధర కంటే ఎంతో ఎక్కువ, అందరూ పెట్టుకోలేరు. ఆ డబ్బు పెట్టదగినంత విలువ ఫైళ్లకు ఉందా లేదా అన్నది యజమాని నిర్ణయం. కానీ ఆ నిర్ణయం తీసుకునే వీలు పోకూడదు. డిస్క్‌ను ఆపి పక్కన పెట్టడానికి ఖర్చేమీ లేదు. ఈ నెల డబ్బు లేకపోతే డిస్క్ బీరువాలో ఆగగలదు, రాత ఎక్కడికీ పోదు.

> ఎస్‌ఎస్‌డీ అయితే?
>
> కొత్త లాప్‌టాప్‌లలో తిరిగే పళ్లేలు ఉండవు, చిప్‌లలో విద్యుదావేశం రూపంలో సమాచారం ఉంటుంది. కింద పడితే హార్డ్ డిస్క్ కంటే బాగా తట్టుకుంటుంది. కానీ డిలీట్ విషయంలో కథ తలకిందులవుతుంది. ఫైలు తొలగించగానే ‘ట్రిమ్’ అనే ఆదేశం ద్వారా ఆ చోటు ఇక అక్కర్లేదని సిస్టమ్ ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది, ఎస్‌ఎస్‌డీ తన తీరికలో ఆ చోటును నిజంగానే ఖాళీ చేస్తుంది. కరెంటు అందుతున్నంతసేపూ ఆ పని లోపల సాగవచ్చు. అందుకే ఎస్‌ఎస్‌డీలో పొరపాటున డిలీట్ అయితే వెంటనే లాప్‌టాప్ ఆపేయడం ఇంకా ముఖ్యం, ఆశ మాత్రం తక్కువ. దాని కంట్రోలర్ చెడితే చిప్‌లను విడిగా చదివినా, సమాచారం ఎన్‌క్రిప్షన్‌లో ఉండటం వల్ల చాలాసార్లు అర్థం కాదు.

అంత తేలిగ్గా చెరగకపోతే అమ్మడమెలా?

ఇక్కడ జాగ్రత్త గల పాఠకులు ఇంకో ప్రశ్న వేస్తారు. డిలీట్ చేసినది మిగిలి ఉంటుందంటే పాత లాప్‌టాప్ కొన్నవాళ్లు మన ఫొటోలు, బ్యాంకు కాగితాలు తీయగలరా? డిలీట్, క్విక్ ఫార్మాట్ మాత్రమే చేసి హార్డ్ డిస్క్‌ను అమ్మితే తీయగలరు. మనకు సాయపడే ధర్మమే పరాయివాళ్లకూ సాయపడుతుంది. 1996లో పీటర్ గట్‌మన్ రాసిన ఒక ప్రసిద్ధ పత్రం వల్ల, 35 సార్లు తిరగరాస్తే తప్ప డిస్క్ శుభ్రం కాదన్న నమ్మకం వ్యాపించింది. అది అప్పటి రకరకాల రికార్డింగ్ పద్ధతులన్నిటినీ కలిపి చెప్పిన సంఖ్య. నేటి సాంద్రతలో డిస్కంతా ఒక్కసారి పూర్తిగా తిరగరాస్తే పాతదాన్ని బయటికి తీయడం ఆచరణలో సాధ్యం కాదు. అంటే చెరిగిపోవడానికి కావలసింది పైన కొత్త రాత పడటమే. ఈ ఒక్క సూత్రం నుంచి రెండు సలహాలూ వస్తాయి: దక్కించుకోవాలంటే ఒక్క అక్షరం కూడా రాయకండి, చెరిపేయాలంటే మొత్తం రాసేయండి.

ఎన్‌క్రిప్షన్ ఈ లెక్కను మార్చేస్తోంది. కొత్త విండోస్ లాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ముందే అమలై ఉంటుంది, యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. అప్పుడు క్లీన్ రూమ్‌లో ప్రతి సెక్టర్‌నూ చదివినా 48 అంకెల రికవరీ కీ లేకుండా ఒక్క ఫొటో కూడా తెరుచుకోదు. ఆ కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. లాప్‌టాప్ బాగున్న రోజునే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

షాపులో మొదటి ప్రశ్న

వీటన్నిటి తర్వాత “ఇంత తంటా ఎందుకు, డిస్క్ చెడబోయే ముందు హెచ్చరిస్తుంది కదా” అనే వారుంటారు. డిస్కుల్లో ‘స్మార్ట్’ అనే స్వీయ పరీక్ష ఏర్పాటు నిజంగానే ఉంది. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల రికార్డులను పరిశీలించి ప్రచురించిన పత్రం దాని బలాన్నీ పరిమితినీ కూడా చూపింది. డిస్క్ తన ఉపరితలాన్ని తానే తనిఖీ చేసుకునే స్కాన్‌లో తొలి లోపం కనిపించిన డిస్కులు ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, లోపం కనిపించనివాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువ. కాబట్టి హెచ్చరిక వస్తే ఆ రోజే కాపీ తీసుకోవాలి. కానీ చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏ ఒక్కటీ చూపకుండానే చెడిపోయాయి. హెచ్చరిక రాలేదంటే క్షేమమని అర్థం చేసుకోలేం. ముఖ్యమైన ఫైళ్లకు మూడు కాపీలు, రెండు వేర్వేరు సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట ఉంచాలన్న నియమం ఇందుకే నిలబడింది. పెళ్లి వీడియోలు పోర్టబుల్ డిస్కుల్లో దాచే ఫొటో స్టూడియోలు, రాతప్రతులు దాచిన డీటీపీ సెంటర్లు, పిల్లల ఫొటోలన్నీ ఒకే పాత లాప్‌టాప్‌లోకి దించిన కుటుంబాలు ఈ నియమానికి అందరికంటే ముందు చెవొగ్గాలి.

అయినా కాపీ లేని డిస్కులు చెడుతూనే ఉంటాయి. వాటి గతి ఎక్కువగా తేలేది ఊళ్లోని సర్వీస్ సెంటర్ బల్ల మీద. అక్కడ పనిచేసేవారి నైపుణ్యాన్ని శంకించడం నా ఉద్దేశం కాదు. లాప్‌టాప్ నడవాలన్న కోరికతో తెచ్చిచ్చిన వస్తువును వారు నడిపించి ఇస్తారు, అందుకు విండోస్ మళ్లీ ఎక్కించడమే దగ్గరి దారి. తప్పు వారికి అప్పగించిన పనిలోనే ఉంది. కాబట్టి మార్పు ఒక చిన్న చోట మొదలుకావాలి. లాప్‌టాప్ చేతికి తీసుకోగానే “మీకు మెషీన్ కావాలా, లోపలి ఫైళ్లు కావాలా?” అని షాపువారు అడగాలి, ఆ జవాబును రసీదు మీద రాయాలి. వారు అడగకపోతే మనమే చెప్పాలి: “ఫైళ్లు ముందు. ఇమేజ్ తీయకుండా దీని మీద ఏమీ రాయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. చేతకాకపోతే ఉన్నదున్నట్టు తిరిగిచ్చేయండి.” మెషీన్‌ను కొత్త డిస్క్‌తో ఎప్పుడైనా నడిపించుకోవచ్చు. పాత డిస్క్‌లోని రాతకు మాత్రం, చెడిపోయిన తర్వాత తొలి నిర్ణయమే చాలాసార్లు చివరి నిర్ణయం అవుతుంది.